నీళ్ళ పక్క దారి

కార్ల సీట్లు కుట్టే ఆవిడను అందరూ సీట్లమ్మ అనేవారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళెవరూ మిగల్లేదు కూడా. బస్టాండు వెనక సందులో చిన్న దుకాణం. అందులో ఒక కుట్టు మిషను, గోడకు ఆనించిన రెక్సిన్ చుట్టలు, మూలన స్పాంజి ముక్కల గుట్ట. మనిషి కారు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, నడుము ఎక్కడ పట్టేసిందో చెప్పేసి అక్కడ స్పాంజి ఒక పొర ఎక్కువ పెట్టేది. కాదని వాదిస్తే "నీ నడుము, నీ ఇష్టం" అని మిషను తొక్కుకునేది. తన పాత కారుకు మీగడ రంగు సీట్లు కుట్టుకుంది. వాటి మీద తడి బట్టలతో దేవుడొచ్చినా కూర్చోనిచ్చేది కాదు. వానలో తడిసొచ్చిన సొంత మరదల్ని అరుగు మీదే నిలబెట్టి, ఆరాక ఎక్కించుకున్న ఘనత ఆవిడది.

పాత కార్ల పిచ్చి ఉన్న స్నేహితులు ఆవిడకు ముగ్గురు. పళ్ళ డాక్టరు, గడియారాలు బాగుచేసే ఆయన, బస్సు నడిపి నడిపి మానేసిన డ్రైవరు. ఏటా ఎండలు ముదరకముందే కార్లు కడిగి తుడిచి నలుగురూ ఊరు దాటిపోయేవారు. హైవే ఎక్కకూడదన్నది వాళ్ళ పంతం. లారీల వెనక పొగ మింగుతూ పోవడానికా ఇంత ముద్దుగా పెంచుకున్నది? చేల పక్కన, గుట్టల నడుమ, పశువులు అడ్డొస్తే ఆగుతూ, చెట్టు నచ్చితే దిగుతూ పోవాలి గానీ.

దారి వేసేది డ్రైవరు. ముందు వారమే ఒంటరిగా వెళ్ళి, మలుపు తిరగాల్సిన చోటల్లా కల్వర్టు మీదో బండరాయి మీదో పసుపు రంగుతో బాణం గీసి వచ్చేవాడు. తిన్నగా పోయేచోట గుర్తుండదు. గుర్తు కనిపించిందంటే తిరగాలి. ఫోన్లో దారి చూసుకోవడం మిగతావాళ్ళకు రాదు, వచ్చినా ఆ వేళకు కళ్ళజోడు దొరకదు. గుర్తులు గీసిన మనిషి ప్రయాణం రోజున అందరికన్నా వెనక రావాలి. మొరాయించిన కార్లను ఏరుకుంటూ రావద్దూ మరి!

సీట్లమ్మ డాక్టరును అన్నయ్యా అనేది, గడియారాలాయన్నీ అన్నయ్యా అనేది. డ్రైవరును మాత్రం ఏ వరుసా కలిపి పిలవలేదు. "ఇదిగో" అనేది. పదిమందిలో ఉన్నా ఆ "ఇదిగో" తనకేనని ఆయనకు తెలిసేది. ఆవిడ భర్త పోయి ఎంతో కాలమైంది, ఆయన అసలు పెళ్ళే చేసుకోలేదు. విన్నవాళ్ళు విన్నారు, ఊరుకున్నారు.

ఆ డ్రైవరు ఒక దారి గురించి చెప్పి ఊరించేవాడు.

"చెట్ల నీడన పోయి పోయి, ఒక్క వంపు తిరిగేసరికి ఎదురుగా నీళ్ళు. ఆ నీళ్ళ అంచునే దారి. అద్దం దించి చెయ్యి బయట పెట్టావంటే తడుస్తుందేమో అనిపిస్తుంది."

"అయితే ఈ ఏడు అటే పోదాం."

"ఈ ఏడు నీళ్ళు ఎక్కువున్నాయి. వచ్చే ఏడు."

ఎప్పుడడిగినా వచ్చే ఏడే. "నీ వచ్చే ఏడు పాడుగాను! ఎక్కడుందో చెప్పు, నేనే పోతా" అని ఆవిడ ఎగిరేది. ఆయన నవ్వేవాడే గానీ చెప్పేవాడు కాదు. అలాంటి దారే లేదని, తన ముందు గొప్పకు అల్లుతున్నాడని ఆవిడ అనుమానం. అయినా ఏటా అడిగేది. అడగడం మానేస్తే ఆయన చెప్పడం మానేస్తాడేమోనని భయం.

పోయిన వానాకాలంలో ఆయన పోయాడు. కారును ఎవరో దూరపు చుట్టాలొచ్చి తోలుకుపోయారు. సగం మిగిలిన పసుపు డబ్బా, కుంచె మాత్రం ఎలాగో ఆవిడ దుకాణానికి చేరి, స్పాంజి గుట్ట పక్కన కూర్చున్నాయి.

చలి తగ్గగానే మిగిలిన ఇద్దరూ దుకాణానికి వచ్చారు. డాక్టరు స్టూలు మీద కూలబడి మోకాలు పట్టుకున్నాడు.

"ఈసారికి హైవే మీదే పోదాం చెల్లెమ్మా. ఎక్కడికక్కడ దిగడానికి వసతులుంటాయి. నా అవస్థ నీకు తెలియందేముంది?"

"హైవే మీద పోవడానికి నేనెందుకన్నయ్యా? బస్సెక్కి పో. కిటికీ పక్క సీటు చూసుకో."

"అది కాదమ్మా. నా కారు ఈ ఏటితో సరి. ఈ మోకాలు క్లచ్చు తొక్కనివ్వడం లేదు. అమ్మేస్తున్నా."

గడియారాలాయన తల వంచుకున్నాడు. "నాదీ అంతేననుకో. చెయ్యి వణుకుతోంది."

సీట్లమ్మ మిషను ఆపింది. ఆ దారి చూడటానికి ఇదే ఆఖరు ఏడని ఆవిడకు అప్పుడు అర్థమైంది. చూస్తే నలుగురి దారి ముగ్గురైనా చూడాలి. ఒక్కతే వెళ్ళి చూసి ఏం చేసుకుంటుంది?

"దారి నేను వేస్తా. నీళ్ళ పక్క దారి," అంది.

"అది ఎక్కడుందో నీకు తెలుసా?"

"తెలీకపోతే అంటానా?" అంది. తెలీదు. నోరు అలాంటిది.

కుంచెను నూనెలో నానబెట్టి, డబ్బా డిక్కీలో వేసుకుని ఒక్కతే బయల్దేరింది. కనిపించిన అడ్డదారినల్లా తొక్కి చూసింది. ఒకచోట కుంట కనిపించింది, ఒకచోట ఇటుకబట్టీ, మరోచోట ఎవరిదో పెరడు. చెట్లున్నచోట నీళ్ళు లేవు, నీళ్ళున్నచోట దారి లేదు. పొద్దు వాలేదాకా తిరిగి, చివరికి చేల మీదుగా పోయే ఏదో ఒక దారికి గుర్తులు గీసి ఇంటికొచ్చింది. దొరకలేదని ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన అబద్ధమాడాడని ఒప్పుకున్నట్టే కదా!

ప్రయాణం రోజున డాక్టరూ ఆయన భార్యా ముందు కారులో, వెనక గడియారాలాయన, అందరికన్నా వెనక సీట్లమ్మ. కాసేపటికి ముందు కార్లు కనుమరుగయ్యాయి. తిన్నగా పోవాల్సిన చోట ఒక కల్వర్టు దగ్గరికొచ్చేసరికి, మట్టిలో టైర్ల జాడలు కుడివైపు తిరిగి ఉన్నాయి. ఆవిడ బ్రేకు తొక్కింది. వారం కిందట అక్కడ వానలకు పెరిగిన మనిషెత్తు కంప అడ్డుండి దారే కనిపించలేదు. ఎవరో కొట్టేశారు. కంప వెనక దాగిన కల్వర్టు గోడ మీద పసుపు బాణం తేలింది.

అది తను గీసింది కాదు. ఆవిడ బాణం చీపురుపుల్లలా ఉంటుంది. ఈ బాణానికి తోక పొడుగు, చివర చిన్న వంపు. ఆ వంపు ఎవరిదో ఆవిడకు ఒకరు చెప్పాలా?

స్టీరింగు కుడికి తిప్పింది.

చెట్ల నీడ మొదలైంది. పోయింది, పోయింది. ఒక్క వంపు తిరిగేసరికి ఎదురుగా నీళ్ళు.

రెండు కార్లూ ఆగి ఉన్నాయి. ఆగక ఏం చేస్తాయి? దారి తిన్నగా నీళ్ళలోకి దిగిపోయింది. అల్లంత దూరాన, అవతల, తడి ఓడుతూ మళ్ళీ పైకి లేచి గుట్ట చుట్టూ తిరిగి పోతోంది.

"ఏం తల్లీ, మమ్మల్ని నీళ్ళలో ముంచుదామనా గుర్తు పెట్టావు?" అంది డాక్టరు భార్య.

"నా గుర్తు కాదు వదినా. పాతదో కొత్తదో చూసుకోవద్దూ మీరు?"

"మీ అన్నయ్య చూశారుగా! కళ్ళజోడేమో నా సంచిలో ఉంది."

గడియారాలాయన నీళ్ళకేసి చూస్తూ అన్నాడు. "ఆనకట్ట నీళ్ళివి. నడివేసవిలో తగ్గితే దారి బయటపడుతుంది. కానీ ఆ ఎండలో మన బళ్ళ రేడియేటర్లు సగం దారిలోనే మరిగి కూర్చుంటాయి. మనం వచ్చే రోజుల్లో ఇది తేలదు. తేలిన రోజుల్లో మనం రాలేం."

దారి పక్కన పిట్టగోడ కూడా నీళ్ళలోకి దిగింది. దాని మీద అక్కడక్కడా పసుపు గీతలు. బాణాలు కావు, అడ్డగీతలు. కొన్ని వెలిసిపోయాయి, కొన్ని కాస్త పైన, కొన్ని కింద. ఒకటి మాత్రం నిరుడు పూసినట్టు మెరుస్తోంది. సీట్లమ్మ వంగి దాని మీద చెయ్యి వేసింది. ఏటా వచ్చేవాడన్నమాట. ఒంటరిగా వచ్చి, నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో చూసి, గీత గీసి, వెనక్కి వచ్చి "వచ్చే ఏడు" అనేవాడన్నమాట.

"ఇదిగో..." అంది. ఎవరూ పలకలేదు.

డాక్టరు కుంటుకుంటూ పక్కకొచ్చాడు. "ఈ ఏటి గీత కూడా పెట్టేయ్ చెల్లెమ్మా. డబ్బా ఉందిగా."

"గీతలు పెట్టడానికి వచ్చానా అన్నయ్యా నేను? దారి మీద పోవడానికి వచ్చా."

చెప్పులు విడిచి గట్టున పెట్టింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగింది. డాక్టరు భార్య "అయ్యో, జారుతుందే!" అని అరిచింది. జారలేదు. పైన బురద మెత్తగా ఉంది గానీ, దాని కింద గట్టిగా తారు తగిలింది. దారే. మోకాళ్ళదాకా వెళ్ళి నిలబడి, అవతల గుట్ట చుట్టూ తిరిగిపోతున్న ముక్కకేసి చూసింది. చెయ్యి చాచి నీళ్ళలో పెట్టింది. తడిసింది.

ఎవరూ రమ్మని పిలవలేదు. ఎండ నడినెత్తికి వచ్చాక తనే వెనక్కి తిరిగింది.

ఇరుకు దారిలో కార్లు వెనక్కి తిప్పడానికి పెద్ద భాగవతమే అయింది. ఒకరు తిప్పుతుంటే ఇద్దరు అరిచారు. అందరికన్నా వెనక వచ్చింది గనక ఇప్పుడు సీట్లమ్మ కారే ముందు. నీళ్ళు కారుతున్న చీరతో ఎక్కబోతుంటే గడియారాలాయన తువ్వాలు తెచ్చి అందించాడు.

"పరుచుకోమ్మా. సీటు పాడవుతుంది."

ఆవిడ తువ్వాలు కేసి చూసింది, మీగడ రంగు సీటు కేసి చూసింది.

"కానీలే అన్నయ్యా," అని తడి చీరతోనే కూర్చుని గేరు వేసింది.