అవ్వ ఇచ్చిన అలుపు

కానిస్టేబుల్ పరుగు పరీక్షకు పన్నెండు రోజులుంది. ఆ పొద్దున కరీంనగర్ మైదానంలో రెండో చుట్టు మలుపులో నా తొడ వెనక కండ పట్టేసింది. నెల తిరక్కుండా ఇది మూడోసారి. మాకు పరుగు నేర్పే సారు దూరం నుంచే అరిచాడు.

"ఆగకు! ముల్లును ముల్లుతోనే తియ్యాలె, ఉరుకు!"

ఉరికాను. మొండితనంలో నన్ను మించినవాళ్లు మా ఇంట్లో లేరు.

ఇంటికొచ్చాక మూత్రం నల్ల చాయ్ రంగులో పడింది. భయమేసింది. కానీ మా వైపు దానికి కారణం ఎవరినీ అడగక్కర్లేదు, వేడి చేసిందంటారు. అమ్మను మేం అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. అవ్వ కూడా అదే అంది.

"ఉడుకు చేసింది బిడ్డా. జర ఈత కల్లు తాగు, సల్లవడుతది."

బాపు సీసా తెచ్చాడు. తాగాను. మర్నాడు మళ్లీ పరుగు, మళ్లీ అదే రంగు, మళ్లీ కల్లు. మూడో పొద్దున మంచం దిగబోతే కాళ్లు లేవలేదు.

అవ్వ మరమగ్గాలకు నూలు కండెలు చుట్టేది. గంటసేపు చుట్టి అరగంట గోడకు ఆనుకునేది. మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయేది. నాయనమ్మ ఆమెను పనిదొంగ అనేది. నేనూ అన్నాను, ఒకసారి కాదు. అవ్వలా కాకూడదనే పరుగు మొదలుపెట్టాను.

ఆసుపత్రిలో మూత్రం రంగు చెప్పగానే డాక్టరమ్మ మొహం మారిపోయింది.

"కండ కరిగి రక్తంల కలుస్తుంది. ఇంకో రెండు రోజులు ఉరికితే కిడ్నీలు పోతుండె. కల్లు తాగుకుంట కూసున్నరా?"

సెలైన్లు ఎక్కించారు. కండలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు వచ్చేలోపు నా పరుగు తేదీ దాటిపోయింది. ఆ రోజంతా గోడవైపు తిరిగి ఏడ్చాను.

రిపోర్టు రోజున అవ్వ నా పక్కనే కూర్చుంది.

"మన కణాల్లో బలం తయారుచేసే మైటోకాండ్రియా ఉంటయి," అంది డాక్టరమ్మ. "వాటికి సొంత డీఎన్ఏ ఉంటది. నీకు దాంట్లనే తేడా. కండకు బలం అందక దెబ్బ తింటుంది. రోజూ మెల్లగ నడువు, మంచిదే. పోటీ పరుగు మాత్రం వద్దు."

తర్వాత అవ్వ వైపు తిరిగింది.

"ఆ డీఎన్ఏ తల్లి నుంచే వస్తది. నీకు సుత చిన్నప్పటి నుంచి అలుపు ఉన్నదా?"

బిడ్డ కొలువు తన వల్లే పోయిందని అవ్వ అక్కడే కూలబడుతుందనుకుని చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా చెయ్యి విడిపించుకుని ముందుకు వంగింది.

"అంటే నేను పనిదొంగను కాదన్నట్టేనా, మేడం?"

"కాదమ్మా. నీకూ రక్తపరీక్ష చేద్దాం. కానీ నీది బద్దకం కాదు."

అవ్వ ఆ రిపోర్టు కాగితం అడిగి తీసుకుని, మడత పెట్టి నా చేతిలో పెట్టింది.

"ఇంటికి పోంగనే మీ నాయనమ్మకు సదివి చెప్పు," అంది. "నువ్వే చెప్పాలె."