తాండూరులో ఆరు సిలిండర్ల కారు

రైలు తొమ్మిదీ పదికైతే నేను ఎనిమిదిన్నరకే వికారాబాద్ స్టేషన్‌లో ఉన్నాను. టికెట్టు ముప్ఫై రూపాయలు, చాయ్ పది. మిగతా సమయం ఏం చేయాలో తోచక బోర్డు దగ్గరికి మూడుసార్లు వెళ్లి అదే టైము మూడుసార్లు చదివాను. నాకు కుదురు లేదని ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు మాత్రం కారణం ఉంది.

నేను పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెబుతాను. యాలాల్ నుంచి వచ్చి నా దగ్గర చదువుకున్న నర్సింలు ఇప్పుడు తాండూరులో కిరాయి కారు నడుపుకుంటున్నాడు. ముందు రోజు ఫోన్ చేశాడు. "మేడం, బండిని తుక్కుకు ఇచ్చేస్తున్న. రేపు రెండు గంటలకు మనిషి వస్తడు. సిమెంటు ఫ్యాక్టరీల డ్రైవర్ పనికి పోత. మీకు చెప్పాలె గద అని చేసిన."

నాకే చెప్పడం ఎందుకంటే, ఆ బండి కొన్నది నా మాట మీద. ఆరు సిలిండర్ల పెట్రోలు కారు అది. ఒకప్పుడు డబ్బున్నవాళ్లు తిరిగినది, చేతులు మారీ మారీ కొత్త ఆటో ధరకంటే కిందికి పడిపోయాక నర్సింలు చేతికి వచ్చింది. ఆరు సిలిండర్ల ఇంజనంత మెత్తగా నడిచేది ఇంకోటి లేదని ఏటా తరగతిలో ఊదరగొట్టే మనిషిని నేను. కానీ అతను కొన్నప్పటి నుంచీ అది వణుకుతూనే ఉంది. ఒకసారి పెళ్లి ఊరేగింపులో ఆగిపోతే పెళ్లికొడుకు దిగి నడవాల్సి వచ్చిందట. ఎక్కినవాళ్లు రెండోసారి పిలవడం లేదు. ఇక్కడ ఒక సిగ్గుపడే సంగతి కూడా చెప్పేస్తాను. నేను అంతవరకూ ఆరు సిలిండర్ల కారు ఎక్కనే లేదు.

తొమ్మిదీ ముప్ఫై అయిదుకి రైలు వచ్చింది. సీటు దొరికినా కూర్చోలేకపోయాను. తలుపు దాకా వెళ్లడం, రావడం. ధారూర్ దాటాక ఎదురుగా కూర్చున్న పెద్దామె ఇక ఊరుకోలేదు. "కూసో బిడ్డా. నువ్వు లేసినా కూసున్నా రైలు గంతే పోతది."

కూర్చున్నాను. ఈ ఇంజన్ల సంగతి ఇక్కడే కాస్త చెప్పాలి. ఒకప్పుడు అమెరికాలో మామూలు రైతులూ టాక్సీవాళ్లూ కూడా ఆరు సిలిండర్ల కార్లు నడిపారు. పొడుగు బానెట్ కింద, పెట్రోలు మండే ఆ గొట్టాలు ఆరూ ఒకే వరసలో ఉండేవి. తర్వాత ముందు చక్రాలు లాగే కార్లు వచ్చి, ఇంజన్ని అడ్డంగా పెట్టాల్సి వచ్చింది. అంత పొడుగు వరస అడ్డంగా పట్టదు. అందుకని మూడు ముందుకీ మూడు వెనక్కీ విడగొట్టి 'వీ' ఆకారంలో కూర్చారు. ఆ పైన పెట్రోలు ధరలు, పొగ నిబంధనలు, చిన్న ఇంజన్‌కే బలం పెంచే టర్బోలు వచ్చాయి. మామూలు కార్లు నాలుగుతో సరిపెట్టుకున్నాయి. ఇప్పుడు మన ఊళ్లలో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి మూడే. ఇదంతా బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతాను.

పదీ ఇరవైకి తాండూరులో దిగి ఆటో ఎక్కాను. నాపరాళ్లు పేర్చిన యార్డుల పక్కనుంచి యూసుఫ్ భాయి మెకానిక్ షెడ్డుకి పది నిమిషాలు, ఇరవై రూపాయలు. నర్సింలు నన్ను చూసి బీడీ పారేశాడు. ఇంజను స్టార్ట్ చేస్తే కారు చలిజ్వరం వచ్చినట్టు ఊగింది.

"ప్లగ్గులు మార్పించమని పోయినేడే ఫోన్ల చెప్పిన గద," అన్నాను.

"గప్పుడే మార్పించిన మేడం."

మనసు ఆగక కారులో కూర్చుని కాగితాలైనా చూద్దామని డాష్‌బోర్డు అర తెరిచాను. ఆర్సీ కింద మూడు చిన్న డబ్బాలు. ఒకటి విప్పితే లోపల కొత్త ప్లగ్గు. సిలిండర్‌కి ఒకటి చొప్పున నిప్పురవ్వ పుట్టించేది ఇదే.

"ఇవేంది నర్సింలూ?"

"మిగిలినయి మేడం. షాపోడు ఆరు ఇచ్చిండు. భాయి మూడే వట్టినయి అన్నడు."

యూసుఫ్ భాయి నిమ్మళంగా ముందుకొచ్చాడు. "మూడు కనవడ్డయి, మూడు మార్చిన. నా తానకొచ్చే బండ్లన్నిటికి మూడే గద మేడం."

తప్పు అతనిది కాదు. ఈ కారుది 'వీ' ఇంజనే, వెనక మూడూ గాలి గొట్టాల పెట్టె కింద, ముందు అద్దం వైపు గోడకి ఆనుకుని కనబడకుండా ఉంటాయి. ఇరవై ఏళ్లుగా ఆ బొమ్మ గీస్తున్న నేను అక్కడికి చెయ్యి ఎలా పోతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. ఫోన్‌లో 'ఎన్ని మార్చారు' అని అడగనూ లేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

పెట్టె విప్పడానికి గంటన్నర పట్టింది. నేను షెడ్డంతా తిరుగుతూ ఉంటే యూసుఫ్ భాయి అన్నాడు, "మేడం, జర ఆగుండ్రి. మీరు తిరిగితే నాకు నట్లు కనవడ్తలెవ్వు." పాత ప్లగ్గులు మూడూ కొసలు అరిగిపోయి ఉన్నాయి. రెండుకి పావు తక్కువకి తుక్కు మనిషి చించోళి వైపు నుంచి ట్రాలీ ఆటోలో దిగాడు. అప్పటికింకా సగం సామాను నేల మీదే ఉంది. అతను గడియారం చూసుకుంటూ గట్టు మీద కూర్చున్నాడు.

రెండూ ఇరవైకి నర్సింలు తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. ఊగలేదు. తుక్కు మనిషి లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఇది తుక్కు మాల్ కాదప్పా," అని ట్రాలీ తిప్పుకుని పోయాడు. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. యూసుఫ్ భాయి కూలీ తీసుకోనన్నాడు, నర్సింలు బలవంతంగా అతని జేబులో పెట్టాడు.

బస్టాండు పక్కన అన్నం తిన్నాం, మనిషికి తొంభై. అయిదు గంటల రైలుకి పోతానంటే నర్సింలు వినలేదు, నన్ను వికారాబాద్‌లో ఇంటి దాకా కారులో దింపుతానన్నాడు. నాలుగింటికి పెట్రోలు పోయించుకుని బయల్దేరాం. దారంతా నేనే మాట్లాడాను. చెప్పానా లేదా అని ఎన్నిసార్లు అన్నానో. అనంతగిరి ఘాటు ఎక్కుతుంటే లారీల వెనక అందరూ గేర్లు మార్చుకుంటూ మూలుగుతున్నారు, మా కారు మాత్రం చప్పుడు లేకుండా ఎక్కింది. అప్పుడు నేనూ నోరు మూశాను.

అయిదుంపావుకి మా గేటు ముందు ఆగాం. నర్సింలు పెట్రోలు ముల్లు వైపు చూస్తున్నాడు.

"మేడం, బండి ఖరాబుందని అమ్ముదామనుకున్న. ఇప్పుడు మంచిగైంది. అయినా అమ్మాలె."

"ఎందుకు?"

"చిన్న బండోడు దీన్ల సగం పెట్రోలుకే పోయొస్తడు. గదే కిరాయికి నేనెట్ల తిరుగుత? నడిచే బండంటే మంచి ధరొస్తది. మూడు సిలిండర్లది కొనుక్కుంట. ఫ్యాక్టరీకి పోయే పనైతే తప్పింది." తర్వాత మెల్లగా అన్నాడు. "క్లాసుల మైలేజీ గూడ చెప్పుండ్రి మేడం."

అందులో కోపం లేదు, అందుకే ఎక్కువ తగిలింది. ఆరు సిలిండర్లు మామూలు మనుషుల కార్లలోంచి ఎందుకు పోయాయో నేను చెప్పే పాఠంలో ధరలున్నాయి, నిబంధనలున్నాయి, నర్సింలు లేడు. సరే అన్నాను.

పెట్రోలు వృథా అవుతోందని ఇంజను ఆపమన్నాను. అతను తాళం మీద చెయ్యి వేసి, తిప్పకుండా తీసేశాడు.

"జర ఉండనియ్యుండ్రి మేడం. ఇది నాదైనంక గిట్ల నడుసుడు ఇయ్యాల్నే."

నేను తలుపు తెరవలేదు. పొద్దున్నుంచి మొదటిసారి నాకు ఎటూ కదలాలనిపించలేదు.