ఐదో ఆటీన్

లక్ష్మీరాజం పందెం పెంచాడంటే ముక్కలు పడేయాల్సిందే. సూరత్ లింబాయత్‌లో ఆ మరమగ్గాల పనివాళ్ల గదిలో ఈ సంగతి తెలియనివాడు లేడు. సెలవు దొరికిందంటే చాలు, చాప పరిచి పోకర్ మొదలెట్టేవాడు మహానుభావుడు. డబ్బు ముట్టడు, అగ్గిపుల్లలే పందెం. పెంచితే రెండు పుల్లలే పెంచాలి, అంతకు మించి కుదరదు. చేతికి రెండు ముక్కలు, నడుమ ఒక్కొక్కటిగా తెరిచేవి ఐదు. అన్నిటిలోంచి మంచి ఐదు ఎవరికి కుదిరితే వాళ్లదే గెలుపు. ఒకే గుర్తువి ఐదు పడితే దాదాపు తిరుగులేనట్టే.

పక్క మగ్గం మీద పనిచేసే లస్మయ్యకు ఆట నేర్పింది కూడా అతనే.

"పూరా పడకున్నా పెంచొచ్చు లస్మన్నా. గని అవతలోడు భయపడి పడేసేటోడై ఉండాలె. వాడు పడెయ్యకుంటే, మనకు కావల్సిన ముక్క ఇంకా కట్టల ఉండాలె. ఈ రెండు లేకుంటే నోర్మూసుకొని కూసోవాలె."

"మరి నువ్వెప్పుడన్న గట్ల పెంచినవా?"

"మనోళ్ల మీద ఎందుకు పెంచుత? నేను పెంచిన్నంటే ఉన్నట్టే."

అన్నమాట ప్రకారమే ఆడేవాడు. అందుకే లస్మయ్యకు అతని మాటంటే అంత గురి.

ఇంతలో కరోనా వచ్చిపడింది. మగ్గాలు ఆగిపోయాయి. వీధి వీధంతా చచ్చినట్టు పడుకుంది. గదిలో ఉన్నవాళ్లు తలోదారి పట్టుకుని పోగా వీళ్లిద్దరే మిగిలారు. చివరికి వాళ్ల ఊరు సిరిసిల్ల పోయే టెంపో ఒకటి దొరికింది. కానీ ఒక్క మనిషికే చోటుందన్నాడు డ్రైవరు.

ఒక్క మనిషికే! ఎవరు పోవాలి? లక్ష్మీరాజం భార్య నీరజ పుట్టింట్లో ప్రసవించింది, బిడ్డ మొహం ఇంకా చూడలేదు. లస్మయ్యది దమ్ము రోగం. పీల్చే మందు అడుగంటింది, నాలుగడుగులేస్తే ఎగపోస్తున్నాడు. నువ్వు పో అనే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది.

"కొట్లాడుడెందుకు? పత్తాలే చెప్తయి తియ్యి," అన్నాడు లస్మయ్యే. చెరిసగం పుల్లలు పంచుకున్నారు. టెంపో హారన్ కొట్టేసరికి ఎవరి దగ్గర ఎక్కువుంటే వాళ్లు ఎక్కాలి.

సాయంత్రానికి లస్మయ్యదే పైచేయి. నడుమ నాలుగు ముక్కలు తెరిచారు, వాటిలో ఆటీన్లు మూడు. లక్ష్మీరాజం చేతిలో ఇంకొకటి. ఐదోది పడితే గెలిచినట్టే, పడకపోతే చేతిలో ఏమీ లేనట్టే. లస్మయ్య రెండు పుల్లలు పెట్టాడు.

లక్ష్మీరాజానికి తన మాట నమ్మే మనిషి ఎదురుగా ఉన్నాడు. కట్టలో ముక్క ఇంకా ఉంది. తాను నేర్పిన రెండూ కుదిరాయి. ముక్క లేకుండా మనోళ్ల మీద పెంచనన్న మాటే గొంతుకు అడ్డం పడింది. దాన్ని మింగేసి పుల్లలు పెంచాడు.

లస్మయ్య చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. "నువ్వు పెంచినవంటే ఉన్నట్టే గదా. ఇంకో ఆట ఉంటదిలే," అని చేతిలోని రెండు రాజులనూ చాప మీద పడేశాడు.

లక్ష్మీరాజం పుల్లలు దగ్గరికి లాక్కుంటుండగానే హారన్ మోగింది. లెక్క చూస్తే అతని దగ్గరే ఎక్కువ.

సంచి మోసుకుని లస్మయ్యే సందు చివరిదాకా వచ్చాడు, ఆయాసపడుతూనే. లక్ష్మీరాజం టెంపో ఎక్కాక సంచి అందించాడు. "అప్పటికే నీకు ఐదో ఆటీన్ పడ్డదారా రాజం?"

చెప్పేయొచ్చు. దిగిపోవచ్చు. సంచిని ఒళ్లో పెట్టుకున్నాడు.

"పడ్డదే అన్నా."

"నేననుకున్న. అయితే పడేసి మంచి పనే చేసిన," అన్నాడు లస్మయ్య. ఓడిపోయినందుకు కాదు, మోసపోనందుకు అతని మొహం తేటపడింది.

సిరిసిల్లలో దిగినవాళ్లను బడిలో విడిగా ఉంచారు. ఒకరోజు పొద్దున్నే లింబాయత్ ఇంటి యజమాని ఫోన్ చేశాడు. రాత్రి లస్మయ్యకు దమ్ము ముదిరిందట. ఆటో దొరికేలోపే ప్రాణం పోయిందట. ఇంకేం చెప్పాడో లక్ష్మీరాజం చెవికెక్కలేదు. పాపం, నేనే చంపుకున్నాను అనిపించింది.

మధ్యాహ్నం గేటు బయట నీరజ వచ్చి నిలబడింది. బిడ్డను పైకెత్తి చూపించింది.

"బండ్ల జాగ ఎట్ల దొరికిందయ్యా?"

అతను గేటు ఊచల్లోంచి బిడ్డనే చూశాడు.

"లస్మన్న ఇడిచిపెట్టిండు."

నీరజ బిడ్డ చేతులు రెండూ కలిపి దండం పెట్టించింది. "ఆయన నూరేండ్లు సల్లగుండాలె."