తుపాకులకు గంధం పూసిన దసరా

ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుపోయిన ఏ గిన్నెనైనా నేను విడదీయగలను. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోవద్దు. సరే, అనుకున్నా పర్లేదు, గొప్పే. వేంపల్లెలో మా పుట్టింటివాళ్ళది స్టీలు సామాన్ల అంగడి. కర్నూలులో నేను మెట్టిన ఇంటిదీ అదే వ్యాపారం. లారీలో వచ్చిన గ్లాసుల దొంతరలు బిగుసుకుపోతే ఊడదీసే పని చిన్నప్పటి నుంచీ నాదే. ఆ విద్య తుపాకుల దగ్గర పనికొస్తుందని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

మా మరిదికి అంగట్లో కూర్చోవడమంటే ప్రాణం మీదికొచ్చేది. రెండు వేల ఎనిమిది ప్రాంతంలో ఎక్కడో హైదరాబాదులో చూసొచ్చి, పెయింట్‌బాల్ ఆట పెడతానన్నాడు. రంగు నింపిన గోళీలను గాలి తుపాకులతో ఒకరి మీద ఒకరు పేల్చుకోవడమే ఆ ఆట. గోదాము కట్టడానికని మా మామ కల్లూరు అవతల కొనిపెట్టిన స్థలం మీద వాడి కన్ను పడింది.

"ఉతికిన గుడ్డల మీద రంగు కొట్టించుకునేదానికి ఎవురప్పా వచ్చేది?" అన్నాడు మామ.

అత్త బతిమాలగా బతిమాలగా ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. మొదటి ఆదివారం వచ్చినవాళ్ళు ఆడకుండా తిరిగిపోతే ఆ సాయంత్రమే ఆట బందు, స్థలం మళ్ళీ గోదాముకు, మరిది మళ్ళీ అంగట్లోకి. మామ మాటంటే మాటే.

ఆ ఆదివారం కంటే ముందు దసరా వచ్చింది. తక్కెడకూ, స్కూటరుకూ ఆయుధపూజ చేసే ఇల్లు మాది. సాక్షాత్తూ తుపాకులే ఇంట్లోకొచ్చాక అత్త ఊరుకుంటుందా? వాటిని పీటల మీద వరసగా పెట్టి, గొట్టాలకు లోపలా బయటా పసుపూ గంధమూ దట్టించి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు గొట్టాల్లోకి ధారగా పోసింది. హారతి పళ్ళెం పట్టింది నేనే. అందరం కళ్ళకద్దుకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం మరిది ఫోను చేశాడు. "వదినా, కొంప మునిగింది. బిర్న రా."

నేనూ అత్తా ఆటో ఎక్కి పోయాం. తుపాకి గొట్టం లోపల ఇంకో పల్చటి గొట్టం ఉంటుంది. గోళీ లావును బట్టి దాన్ని తీసి వేరేది వేసుకోవాలి. ఉక్కకు గోళీలు ఉబ్బి, లోపలి గొట్టంలో పట్టక అక్కడే పగిలిపోతున్నాయి. కాస్త వెడల్పుది వేద్దామంటే పాతది ఊడి రావడం లేదు. కొబ్బరినీళ్ళూ గంధమూ కలిసి రెండు గొట్టాల సందున బంకలా ఎండిపోయాయి. అన్ని తుపాకులదీ అదే గతి. మరిది కటింగ్ ప్లేయరుతో ఒకదాన్ని లాగి, అంచు సొట్ట పెట్టి కూర్చున్నాడు. ఆడడానికి కాలేజీ పిల్లలు ఇంకాసేపట్లో వస్తారు.

మామ అప్పటికే వచ్చి రేకుల షెడ్డు నీడలో కుర్చీ వేసుకున్నాడు. ఒళ్ళో గుడ్డసంచి, అందులో కప్పంత తాళం. గేటుకు వేయడానికే తెచ్చానని మొహమాటం లేకుండా చెప్పాడు.

"నా చేత్తోనే నా కొడుకు నోట్లో మన్ను కొట్టినానే" అని అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఒళ్ళు మండింది. దేవుడి గంధం కొడుకును ముంచిందని ఈమె జీవితాంతం కుమిలిపోవాలా?

"ఆ ప్లేయరు ఆడ పెట్టబ్బీ" అన్నాను మరిదితో. "సోడా అంగట్లో ఐసుగడ్డ తీసుకురాపో. ఉడుకునీళ్ళు నేను కాస్తాండా."

"నీళ్ళతో ఏమైతాది వదినా?"

"గ్లాసులో గ్లాసు ఇరుక్కుంటే మనింట్లో ఏం చేస్తాం? ఇదీ అంతే."

టీ కాసుకునే స్టవ్వు మీద నీళ్ళు పెట్టాను. బంక మెత్తబడేదాకా గొట్టాన్ని వేడినీళ్ళలో నానబెట్టాను. తర్వాత అడుగున గుడ్డ కుక్కి, లోపలి గొట్టం నిండా ఐసునీళ్ళు పోసి, బయట తడిగుడ్డ చుట్టి దాని మీద కాగిన నీళ్ళు పోశాను. చల్లదనానికి లోపలిది ముడుచుకుంటుంది, వేడికి బయటిది సాగుతుంది. వెంట్రుకంత సందు దొరికితే చాలు.

మొదటిసారి కదల్లేదు. మామ ఒళ్ళోని సంచి సర్దుకున్నాడు. నేను ఆయన వైపు చూడకుండా మళ్ళీ ఐసునీళ్ళు నింపాను. ఈసారి నీళ్ళు తెర్లి బుడగలొస్తుండగానే పోసి, ఆటకని పాతిన జెండా కర్ర ఒకటి పీకి, కొసకు గుడ్డ చుట్టి లోపలి గొట్టాన్ని మెల్లగా తట్టాను. గొట్టం జారి నా ఒళ్ళో పడింది. గంధం వాసన గుప్పుమంది. అత్త దాన్ని లాక్కుని కొంగుతో తుడవసాగింది.

ఒకటి వచ్చాక మిగతావి ఎక్కడికి పోతాయి? పిల్లలు మోటారుసైకిళ్ళు దిగేసరికి ఆఖరిది మిగిలింది. అదీ వచ్చింది, మరిది వెడల్పు గొట్టాలు బిగించాడు. కాసేపటికి ఆ స్థలమంతా ఒకటే కేకలు, రంగులు.

మామ లేచి వచ్చి, ఊడిన గొట్టం ఒకటి తీసుకుని, అంగట్లో గ్లాసును చూసినట్టు వెలుతురుకు పెట్టి చూశాడు. "సొట్ట ల్యా" అన్నాడు.

"నేను తీస్తే సొట్ట యాడుంటాది మామా?" అన్నాను. ఆయన మీసాల్లో నవ్వాడు.

చీకటి పడబోతుండగా పిల్లలు వచ్చే వారం కూడా వస్తామని చెప్పి వెళ్ళారు. మామ సంచిలోంచి తాళం తీసి గేటు వైపు నడిచాడు. అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. గేటు దగ్గర ఆయన ఆ తాళమూ, చెవులూ మరిది చేతిలో పెట్టాడు.

"పోయేటప్పుడు ఏసుకో. లోపల తుపాకులుండాయి, దొంగనాయాండ్లు శానామంది."

మరిది తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి గోదాము నాయనా?" అన్నాడు.

"దానికి ఇంగో స్థలం చూస్తాలే."