అల్లుడి వెల్డింగ్ పరీక్షకు జగిత్యాల దాకా

ఒమన్‌లో ఏదో రాగి గనికి వెల్డర్లు దొరకడం లేదట, జగిత్యాలలో ఒక ఏజెంటు పరీక్ష పెట్టించి మనుషులను పంపిస్తాడట. కోరుట్లలో ఉండే నా అల్లుడు శ్రీను ఈ మాట చెప్పిన రోజు నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. మా సిరిసిల్లలో పక్కింటి పిల్లవాడిని డ్రైవర్ పని అని తీసుకెళ్లి ఎడారిలో గొర్రెలు కాయించారు. ఈ ఏజెంటూ అలాంటివాడైతే? కళ్లారా చూస్తే గానీ మనసు కుదుటపడదని నేనూ బయలుదేరాను.

పొద్దున ఏడింటికి కోరుట్ల బస్సు ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఆ కార్డు ఎక్కడ పడిపోతుందోనని కథలాపూర్ దాటేదాకా సంచి తడుముకుంటూనే ఉన్నాను. కోరుట్లలో శ్రీను కలిశాడు. అక్కడి నుంచి జగిత్యాలకు ఇంకో బస్సు, దిగాక షేర్ ఆటో, మనిషికి ఇరవై రూపాయలు.

"ఏందవ్వా, నువ్వు గూడ పరీక్షకేనా?" అన్నాడు ఆటో అతను.

"పరీక్ష పెట్టెటోనికే పరీక్ష పెట్ట పోతున్న కొడుకా" అన్నాను.

ఊరి చివర రేకుల షెడ్డు. రెండు పైపు ముక్కలను అతికించాలి. శ్రీను అతికించిన ముక్కను గని తరఫున వచ్చిన పెద్ద మేస్త్రీ మరలో పెట్టి వంచాడు. అతుకు దగ్గర సన్నగా పగిలింది.

"నడువది తమ్మీ. కింది దిక్కు అతుకు వట్టలే. నెల దినాలు అతుకులు వెట్టి చెయ్యి సాఫ్ చేసుకొని మల్ల రా."

శ్రీను ముఖం మాడిపోయింది. "ఎంతన్న గానీ కడుత సార్, ఈసారికి పాస్ చెయ్యున్రి."

"పైసలిస్తె పగులు అతుకుతదా? గనిల గీ పైపు పలిగితె నీ పక్కపొంటి పనిజేసెటోళ్లు సస్తరు."

ఆ మాట వినగానే నా గుండె మీది బండ దిగింది. బయటికి వచ్చాక నవ్వు ఆగలేదు.

"నేను ఫెయిలైతె నువ్వు నవ్వుతున్నవా అత్తమ్మా?"

"నిన్ను జూసి గాదయ్యా. ఏజెంటు మోసగాడైతె పైసలు వట్టుకొని ఎప్పుడో ఫ్లైటు ఎక్కిస్తుండె. ఆయన పెట్టిన గీ మేస్త్రీ ఇస్తనన్నా వద్దని ఎల్లగొట్టిండు. నాకింక భయం లేదు."

"అయితె గా మాట నీ బిడ్డకు నువ్వే చెప్పు."

తిరుగు బస్సులో కొత్త దిగులు మొదలైంది. వచ్చే నెల పాసైతే అక్కడి ఎండకు ఎలా తట్టుకుంటాడు, కూర ఎవరు వండిపెడతారు అని. అయినా ఇది పనికి పోయేవాడి గురించి పడే దిగులే. పొద్దున నేను మోసుకొచ్చింది మనిషే తిరిగి రాడేమోనన్న భయం. ఆ సాయంత్రం బిడ్డ ఇంట్లో అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను. మీ ఇంట్లో ఎవరైనా ఇలా బయలుదేరితే ఒక్కటి చూసుకోండి: చేతి పని చూడకుండానే నువ్వు సెలెక్ట్ అనే చోట కూర్చోకండి, చెప్పులు తొడుక్కుని లేచి వచ్చేయండి.