ముందు నడిచిన గొర్రెపిల్ల

నా చిన్నప్పుడు మా ఇంట్లో విమానాన్ని దగ్గర నుంచి చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. హిందూపురం మీదుగా బెంగళూరు వైపు పోయే విమానం చప్పుడు వినిపిస్తే మా అమ్మ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చేది. అందరూ తలెత్తి చూస్తుంటే నేను మాత్రం తలుపు చాటుకు పోయేదాన్ని. దానికి కారణం ఒక బొరుగుల పొట్లం. ఏ కాగితం దొరికినా చదివే అలవాటు నాది. ఒకసారి బొరుగులు తింటూ పొట్లం విప్పి చదివితే, ఎక్కడో విమానం కూలిన వార్త సగమే ఉంది. మిగతా సగం చిరిగిపోయింది. అందులో ఉన్నవాళ్ళు బతికారో లేదో నాకు తెలియలేదు. తెలిసి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. ఆ చిరిగిన సగాన్ని రాత్రికొక రకంగా నేనే పూర్తి చేసుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో మా పిన్నమ్మకు ఢిల్లీలో ఆడపిల్ల పుట్టింది. పిన్నమ్మ భర్త మిలిటరీలో పనిచేసేవాడు. పెళ్ళై అంత దూరం వెళ్ళినప్పటి నుంచి అమ్మ తన చెల్లెల్ని చూడలేదు. బిడ్డను ఉయ్యాల తొట్లో వేసే రోజుకు పుట్టింటి తరఫున వచ్చేది అమ్మ ఒక్కతే. రైల్లో పోయి రావాలంటే దారిలోనే నాలుగైదు రోజులు గడిచిపోతాయి. నాయన సైకిల్ షాపు అన్ని రోజులు మూస్తే ఇల్లు గడవదు. అప్పుడే విమానం టికెట్లు మా బోటివాళ్ళకు కూడా అందే ధరకు వచ్చాయి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న నాయన తమ్ముడు, మా చిన్నాయన, అందరికీ టికెట్లు తీశాడు. అమ్మ ధర్మవరం పోయి చెల్లెలికి అరిటాకు రంగు పట్టుచీర తెచ్చింది. రోజుకొకసారి దాన్ని విప్పి, చూసుకొని, మళ్ళీ మడత పెట్టేది.

నేను రానని చెప్పాను. అరవలేదు, ఏడవలేదు. నాకు అవి చేతకావు. మాట్లాడటం మానేశాను, అన్నం మానేశాను. చిన్నాయన నవ్వించి చూశాడు, నాయన కసురుకుని చూశాడు. ఒక సాయంత్రం అమ్మ ఆ చీరను కాగితంలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టేసింది. "పాపను ఇడ్సిపెట్టి నేను యాడికీ పోను. మీరు పోయి రాండి" అంది నాయనతో. ఆ పెట్టె మూసిన చప్పుడు నా భయానికి ఇంకొక బరువు కట్టింది. అయినా భయం పోలేదు.

నా మనసు మారుతుందేమోనని నాయన నన్ను పెనుకొండ దగ్గర పల్లెలో ఉన్న తన తల్లి, మా అవ్వ దగ్గర దింపి వచ్చాడు. అవ్వ కూడా మాతోపాటు ఢిల్లీకి రావలసిన మనిషే. కొన్ని గొర్రెలు పెట్టుకొని ఒంటరిగా బతికేది. నేను ఎందుకు రానంటున్నానో ఆమె అడగలేదు. పొద్దున్నే సద్దిమూట నా చేతికిచ్చి, గొర్రెల వెంట నడిపించింది.

ఆ మధ్యాహ్నం కొండ వైపు వాన పడింది. సాయంత్రం తిరిగి వచ్చేసరికి, పొద్దున మేము పొడికాళ్ళతో దాటిన వంకలో ఎర్రటి నీళ్ళు పారుతున్నాయి. నా మోకాళ్ళ లోతు కూడా ఉండవు. అయినా మంద మొత్తం గట్టు మీద ఆగిపోయింది. ముందున్న పెద్ద పొట్టేలు మాత్రం ఠీవిగా దిగి అవతలి గట్టు ఎక్కేసింది. దాని వెనక ఒక్క గొర్రె కూడా కదలలేదు.

అవ్వ మందలో దూరి, అన్నిటికన్నా ఎక్కువ వణుకుతున్న పిల్లను ఏరి తెచ్చింది. అది చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. దాన్ని నా చేతుల్లో పెట్టి, "ఎత్తుకొని ముందర పో. నేను నీ రెక్క పట్టుకొని ఉంటాలే" అంది.

"ఇది భయపడతాంది గదా అవ్వా! ధైర్యముండేదాన్ని గదా తీసుకుపోవాల?" అన్నాను.

అవ్వ అవతలి గట్టు మీది పొట్టేలును చూపించింది. "అదో, ధైర్యముండే దొర ఆడ నిలబడుకోనుండాడు. నోరు మెదపకుండా పాయె. వాని ఎనకాల ఎవురన్నా పోయినారా? అరిచేదాని ఎనకాల తల్లి పోతాది. తల్లి ఎనకాల మంద పోతాది. పో మే, పో!"

నేను నీళ్ళలోకి దిగాను. పిల్ల గుండె నా గుండెకు కొట్టుకుంటోంది. నాలుగు అడుగులు వేశానో లేదో, వెనక నీళ్ళు చిందిన చప్పుడు. దాని తల్లి దిగింది. ఆ తర్వాత చప్పుడే చప్పుడు. అవతల గట్టెక్కి తిరిగి చూస్తే మంద మొత్తం నీళ్ళు కారుతూ నా చుట్టూ ఉంది. ఇంటికొచ్చాక అవ్వ నా కాళ్ళు తుడుస్తూ, "అందురూ నీకొక్కదానికే భయమనుకుంటాండారు. వాళ్ళ మొగాలు సూసినావా?" అంది. ఆ రాత్రి అన్నం తిన్నాను. నాయన తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, బెంగళూరు దాకా వస్తానని, విమానం ఎక్కేది మాత్రం చెప్పలేనని అన్నాను. అమ్మకు ఆ మాటే చాలింది. చీర మళ్ళీ పెట్టెలోంచి పైకి వచ్చింది.

విమానాశ్రయంలో నాయన కొత్త తువ్వాలు భుజాన వేసుకొని పెళ్ళికొడుకులా ఉన్నాడు. మా హిందూపురం బస్టాండులో బస్సు రాగానే కిటికీలోంచి తువ్వాలు వేసి సీట్లు పట్టడం ఆయనకు అలవాటు. "రేయ్, ఈడ సీట్లెట్ల పట్టేది?" అని చిన్నాయన్ని గుసగుసగా అడిగాడు. చిన్నాయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అది చౌక విమానం, సీట్లకు నంబర్లు లేవట, ముందు ఎక్కినవాళ్ళకు ముందు సీట్లట.

"ఓర్నీ, మన పల్లె బస్సే గదప్పా ఇది!" అంది అవ్వ. చుట్టుపక్కలవాళ్ళు తిరిగి చూశారు.

బస్సులో తీసుకెళ్ళి మమ్మల్ని విమానం పక్కన దింపారు. దాని మెట్ల ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. చిరిగిన కాగితం మొత్తం నా కళ్ళ ముందు పరుచుకుంది. జనం మమ్మల్ని దాటి ఎక్కుతున్నారు. అమ్మ నా చేయి పట్టుకుంది గానీ లాగలేదు. ఆమె రెండో చేతిలో పట్టుచీర సంచి. నేను అమ్మ ముఖంలోకి చూశాను. పెదవులు తెల్లబడి ఉన్నాయి. నాయన వైపు చూశాను. విమానాన్ని చూడకుండా తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు. వారం రోజులుగా గొప్పలు చెప్పిన చిన్నాయన చొక్కా వీపంతా తడిసిపోయింది. ఒక్కరూ ముందుకు కదలడం లేదు. నా కోసం ఆగినట్టు నటిస్తున్నారు.

అవ్వ నాయన భుజం మీది తువ్వాలు లాగి నా చేతిలో పెట్టింది.

"ఏమ్మే గొర్రెపిల్లా! ముందర పోయి సీట్లు పట్టు. భయమైతే అరుచుకుంటా పో. మేము నీ ఎనకాలే వస్తాండాం."

బతుకులో మొదటిసారి నేను నలుగురిలో నోరు తెరిచి ఏడ్చాను. ఏడుస్తూనే మొదటి మెట్టు ఎక్కాను. వెనక అమ్మ గాజుల చప్పుడు. ఇంకో మెట్టు. నాయన చెప్పుల చప్పుడు. "యమ్మా, యమ్మా" అంటూ అవ్వ. నా ఏడుపు పెద్దదయ్యేకొద్దీ వెనక అడుగులు గట్టిపడ్డాయి. తలుపు దగ్గర చేతులు జోడించి నిలబడిన అమ్మాయి చేతుల కింద నుంచి దూరి లోపలికి పరుగెత్తాను. వరసగా మూడు ఖాళీ సీట్లు కనిపించాయి. తువ్వాలు పరిచాను. దారికి అవతలి సీటు మీద నా సంచి విసిరాను, దాని పక్కదాంట్లో నేను కూలబడ్డాను.

కోటు వేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి తువ్వాలు పక్కకు జరపబోయాడు. బడిలో పేరు పిలిస్తే "ఉన్నాను సార్" అనడానికి కూడా గొంతు రాని నేను లేచి నిలబడి, "మా అవ్వొస్తాంది! అది మా అవ్వ సీటు!" అని గట్టిగా అరిచాను. ఆయన బిత్తరపోయి రెండు చేతులూ ఎత్తేసి వెనక్కి పోయాడు. విమానంలో సగం మంది నవ్వారు. నాకు సిగ్గు వేయలేదు. అప్పుడే వచ్చిన అవ్వ తువ్వాలు మీద రాణిలా కూర్చొని, "సీట్లు పట్టడంలో మీ నాయన్ను మించిపోయినావు మే!" అంది.

విమానం నేల విడిచింది. నేను అరవబోయేంతలో అవ్వే పెద్దగా కేక పెట్టింది. ఆ కేకకు అమ్మ ఫక్కున నవ్వింది. నాయన, చిన్నాయన, ఆ కోటు ఆయన కూడా నవ్వారు. నవ్వుతూ కిటికీలోంచి చూస్తే నీళ్ళు నిండిన చెరువులు అద్దం ముక్కల్లా మెరుస్తున్నాయి. చిరిగిన కాగితంలో ఇలాంటిది ఒకటి ఉండవచ్చని నేను ఎన్నడూ అనుకోలేదు.

మరుసటి రోజు అరిటాకు రంగు చీరలో పిన్నమ్మ కూర్చుంటే, అమ్మ బిడ్డను తొట్లో వేసింది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చారు. వచ్చినవాళ్ళందరికీ నాయన నా తువ్వాలు కథే చెప్పాడు.

నేను ఇప్పటికీ బిడియస్తురాలినే. అనుకున్నది నోటితో చెప్పడం కన్నా రాత్రి డైరీలో రాసుకోవడమే నాకు తేలిక. అయితే ఉద్యోగంలో చేరాక, పదిమంది కూర్చున్న గదిలో ఎవరు ముందు మాట్లాడతారని ఎవరైనా అడిగితే, అందరూ చెప్పులు చూసుకునే వేళ ఒకటి వస్తుంది. ఆ ముఖాలు నాకు తెలుసు. ధైర్యం వచ్చేదాకా ఆగను. ధైర్యముండే దొర ఎప్పుడూ అవతలి గట్టు మీదే ఉంటాడు. వణికే గొంతుతోనే లేచి మొదలుపెడతాను. నాలుగు మాటలు అయ్యేసరికి, వెనక ఎవరో కుర్చీ జరుపుకొని లేచిన చప్పుడు వినిపిస్తుంది.