మా సార్ అనుమానం

మొన్న మంగళవారం పొద్దున్నే ఫోనుకి మెసేజ్ వచ్చింది, మా సార్ పోయారని. నేను నమ్మలేదు. మెసేజ్‌లో ఎవరి పేరు కనిపించినా నమ్మొద్దని, ముందు ఫోన్ చేసి మనిషి గొంతు వినమని నాకు నేర్పింది ఆయనే. బాచుపల్లిలో ఆయన ఇంటికి చేశాను. మేడమ్ ఎత్తారు. "నిజమేనమ్మా. గుండెపోటు," అన్నారు.

మాదాపూర్‌లో మా ఆఫీసు వాళ్ల కంప్యూటర్ అకౌంట్లన్నీ ఆయన చేతిలో ఉండేవి. కొత్తగా చేరినవాళ్లకు అకౌంట్ తెరవడం, మానేసినవాళ్లది మూసేయడం, ఎవరు ఏ ఫైళ్లు చూడొచ్చో వాటి వరకే అనుమతి ఇవ్వడం. కర్నూలు నుంచి వచ్చి కొత్తగా చేరిన నన్ను, ఆ పని నేర్చుకోమని ఆయన పక్కన కూర్చోబెట్టారు. మీరు నమ్మరు గానీ, రోజూ ఆయనతో కలిసి అన్నం తినేవాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోయామని ఫోన్ చేసినా, "కిందికొచ్చి కార్డు చూపియ్," అనేవారు. వెనకాల అందరూ తిట్టుకునేవాళ్లు. నేనూ తిట్టుకున్నాను.

రెండేళ్ల కిందట జీతాల ఫైళ్లను ఎవరో తెరిచినట్టు బయటపడింది. తెరిచిన అకౌంట్ హౌస్‌కీపింగ్ అక్కది. బోరబండ నుంచి వచ్చే ఆమెకు తన కింది వాళ్ల హాజరు వేయడానికని అకౌంట్ ఇచ్చాం. "పాస్‌వర్డ్ ఎవరికో అమ్ముకుని ఉంటుంది," అని మేనేజర్ ఆమె గేటు కార్డు తీసేసుకున్నారు.

"తెర మీద కనిపిస్తే నొక్కిన సారూ, హాజరు పట్టీ అనుకున్న," అని ఆమె ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. నాకూ ఆమె మీదే అనుమానం.

సార్ మాత్రం, "ఆమె తలుపు తోసింది, సరే. తాళం ఎవరు తీసిండ్రో చూడాలె గద," అని అనుమతుల రికార్డు తీశారు. ఆమెకు ఆ అనుమతి ఇచ్చింది నా అకౌంట్.

ఆ రోజు నుంచి సార్ నన్ను చూసే చూపే మారిపోయింది. "నీ పాస్‌వర్డ్ ఎవరికన్న చెప్పినవా? కంప్యూటర్ గట్లనే ఇడిచి ఛాయ్‌కు పోయినవా?" నా అకౌంట్‌కున్న అధికారాలన్నీ తీసేశారు. నేను ఫోన్లో మాట్లాడితే తలెత్తి చూసేవారు. తన తప్పు నా మీదకి నెడుతున్నారేమోనని నేనూ ఆయన్ని అనుమానించాను. రెండు రోజులు అలాగే గడిచాయి.

మూడోరోజు అక్క అకౌంట్ తాలూకు ఫారం నా ముందు పెట్టి, "ఆ దినం ఏం జేసినవో మొదటికెళ్లి చెప్పు," అన్నారు. చెబుతుంటే గుర్తొచ్చింది. తొందరలో, జీతాల విభాగంలో ఒకామె అకౌంట్‌ను నకలు తీసి, దానికి అక్క పేరు పెట్టాను. ఆమె అనుమతులు కూడా దాంతోపాటే వచ్చేశాయి. వాటిని తీసేయడం మరిచిపోయాను.

ఫారం ఆయన వైపు జరిపాను. "సార్, మేనేజర్‌కు మీరే చెప్పండి."

"నేను చెప్తే నిన్ను పట్టిచ్చినట్టయితది. నువ్వే చెప్పు. నేను ఎనక ఉంట."

వెళ్లి చెప్పాను. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డారు. మేనేజర్ నాకు హెచ్చరిక లేఖ ఇచ్చారు. అక్క మర్నాడే పనిలోకొచ్చింది. ఆ సాయంత్రం సార్ అన్నారు: "నిన్ను అనుమానించిన, ఏమనుకోకు. అందరికన్న ముందు నా అకౌంటే చూసుకున్న."

ఆయన రిటైరయ్యాక ఆ పని నాకొచ్చింది. ఫోన్ చేసినవాళ్లను కిందికి రమ్మంటాను. తిట్టుకుంటున్నారని తెలుసు.

నేను బాచుపల్లి చేరేసరికి ఇంటినిండా చుట్టాలు. అక్క అప్పటికే వచ్చి, చెప్పులు విడిచి, లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరీమె అన్నట్టు ఒకరిద్దరు చూశారు. మేడమ్ ఏమీ అడగలేదు. చాప మీద కాస్త పక్కకు జరిగి, చేత్తో చోటు చూపించారు.